భర్త చేతిలోని కాగితం

“అమెరికా సంబంధం” అన్న మాటకు మన ఊళ్లలో పెద్ద విలువ ఉంది. అబ్బాయి ఎలాంటివాడు, తాగుతాడా, కోపమొస్తే ఏం చేస్తాడు అని అడగాల్సిన పెద్దమనుషులు కూడా ఆ ఒక్క మాట వినగానే తలలూపేస్తారు. ఒకప్పుడు ఇలాంటి సంబంధాలు భూములున్న ఇళ్లకే వచ్చేవి. ఇప్పుడు అలా లేదు. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో చదివి, ఫీజు రీయింబర్స్‌మెంటుతో ఇంజనీరింగు పూర్తిచేసి, డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం చేస్తున్న అన్నలు మనలో ఉన్నారు. అలాంటివాళ్లను పెళ్లాడి విమానమెక్కిన అక్కలూ ఉన్నారు. కాబట్టి నేను రాయబోయేది ఎవరో పరాయివాళ్ల గొడవ కాదు.

విదేశానికి కోడలిగా వెళ్లిన అమ్మాయిని భర్త కొడుతున్నాడని తెలిస్తే మనవాళ్లు వేసే మొదటి ప్రశ్న ఒకటే. “అక్కడ చట్టాలు గట్టివి కదా! 911కు ఫోన్ చేస్తే నిమిషాల్లో పోలీసులు వస్తారు కదా! మరి ఈ పిల్ల ఎందుకు నోరు మూసుకుని పడి ఉన్నట్టు?” దీనికి చదువుకున్నవాళ్ల దగ్గర కూడా సరైన జవాబు ఉండదు. భయస్తురాలు అంటారు, అమాయకురాలు అంటారు. నేను చదివి తెలుసుకున్నంతలో, జవాబు కోసం ఆమె స్వభావాన్ని వెతకనక్కర్లేదు. ఆమె పాస్‌పోర్టులో అంటించిన వీసాను చదివితే చాలు. (పాతబస్తీ నుంచి గల్ఫ్‌కు జరిగిన షేకుల పెళ్లిళ్లది వేరే కథ. దాన్ని ఇందులో కలిపితే రెండింటికీ న్యాయం జరగదు.)

భార్యను కొట్టే మగవాడు ఏ దేశంలోనైనా ఉంటాడు. తేడా అంతా దెబ్బలు తిన్న మనిషి చుట్టూ ఏముందన్న దాంట్లోనే ఉంది. మన వాడలో ఒక ఇంట్లో అరుపులు వినిపిస్తే పక్కింటి అవ్వ చీపురు పట్టుకునైనా వస్తుంది. దెబ్బలు మరీ ఎక్కువైతే ఆ ఇల్లాలు పిల్లను చంకనేసుకుని పుట్టింటికి బస్సెక్కుతుంది. చేతిలో పైసా లేకపోతే రెండు రోజులు కలుపుకు పోతే చార్జీలకు సరిపోతుంది. కులపెద్దలు న్యాయం చెబుతారని నేను అనను, చాలాసార్లు చెప్పరు కూడా. అయినా విషయం నలుగురికీ తెలుస్తుంది. పొరుగు, పుట్టిల్లు, కూలి పని, నలుగురి కళ్లు. ఇవి ఆస్తులని మనకు ఎప్పుడూ తోచదు. వేల మైళ్ల దూరంలో ఒక అపార్ట్‌మెంటులోకి వెళ్లి తలుపు వేసుకున్న కొత్త కోడలికి ఈ నాలుగింటిలో ఒక్కటీ ఉండదు. అక్కడ కారు లేనిదే కూరగాయల కొట్టుకు కూడా పోలేని ఊళ్లు ఎన్నో. ఆమెకు తెలిసినవాళ్లంతా భర్త స్నేహితులే. వాళ్ల భార్యలతో మాట్లాడితే ఆ మాట సాయంత్రానికి భర్తకే చేరుతుంది.

ఇదంతా ఒంటరితనం. దీన్ని కాలక్రమంలో ధైర్యవంతురాలు దాటగలదు. దాటలేనిది కాగితం.

హెచ్-4 అంటే ఏమిటి?

అమెరికాలో సాఫ్ట్‌వేరు ఉద్యోగానికి వెళ్లే మనవాళ్లలో ఎక్కువమందికి ఉండేది హెచ్-1బి వీసా. వారి భార్యకు, 21 ఏళ్లలోపు పిల్లలకు ఇచ్చేది హెచ్-4. దీన్ని ఆధారిత వీసా అంటారు. పేరులోనే అంతా ఉంది. భర్త ఉద్యోగం ఉన్నంతకాలం, పెళ్లి నిలిచినంతకాలం ఆమె ఆ దేశంలో ఉండవచ్చు. భర్త హోదా పోతే ఆమె హోదా పోతుంది. విడాకులైతే ఆమె హోదా పోతుంది. ఆమె ఎంటెక్ చదివిందా, ఎంబీబీఎస్ చదివిందా అన్నదానితో ఆ వీసాకు పని లేదు.

2015 మే 26 దాకా హెచ్-4 మీద ఉన్న భార్య అక్కడ ఉద్యోగం చేయడానికే వీల్లేదు. ఆ రోజు నుంచి కొందరికి అనుమతి వచ్చింది. అదీ భర్త గ్రీన్‌కార్డు ప్రయత్నంలో ఒక మెట్టు దాటి, ఐ-140 అనే దరఖాస్తు ఆమోదం పొందితేనో, లేక ఆరేళ్ల గడువు దాటి అతని హెచ్-1బి పొడిగింపు జరిగితేనో. అంటే పెళ్లయిన కొత్తలో, ఆమె అన్నిటికన్నా నిస్సహాయంగా ఉండే ఆ ఏళ్లలో, చాలామందికి ఆ అనుమతి ఉండదు. పని అనుమతి లేనివారికి సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు. ఆ నంబరు లేకపోతే సొంత పేరున అప్పు పుట్టదు, అద్దె ఇల్లు దొరకడమూ కష్టమే. ఇంటి అద్దె, కారు, ఫోను కనెక్షను అన్నీ భర్త పేరు మీదే ఉంటాయి.

ఇది ఎంత బరువో మన హాస్టల్ పిల్లలకు చెప్పనక్కర్లేదు. కాగితం విలువ మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, స్టడీ సర్టిఫికెట్, టీసీ. వీటిలో ఒక్కటి తక్కువైతే సీటు లేదు, స్కాలర్‌షిప్పు లేదు. అందుకే ట్రంకుపెట్టె అడుగున, న్యూస్‌పేపరు కింద, ప్లాస్టిక్ కవరులో వాటిని దాచుకున్నాం. ఆ కవరు మన పెట్టెలో కాకుండా మనల్ని రోజూ తిట్టి కొట్టేవాడి బీరువాలో ఉందనుకోండి. తాళం చెవి కూడా అతని దగ్గరే ఉందనుకోండి. అప్పుడు అతను చెయ్యి ఎత్తాల్సిన అవసరం కూడా రాదు.

అందుకే ఈ ఇళ్లలో హింస చాలాసార్లు చెంపదెబ్బతో మొదలవదు. పాస్‌పోర్టు “భద్రంగా నా దగ్గర ఉంటుందిలే” అనడంతో మొదలవుతుంది. డ్రైవింగు నేర్పించకపోవడం, అమ్మతో మాట్లాడేటప్పుడు స్పీకరు పెట్టించడం, పది డాలర్ల ఖర్చుకు రశీదు అడగడం, “వీసా క్యాన్సిల్ చేయించి ఇండియాకు పంపిస్తా” అని బెదిరించడం ఆ తరువాత వస్తాయి. అమెరికాలోని డులూత్ అనే పట్టణంలో గృహహింస మీద పనిచేసినవారు 1980లలో బాధిత స్త్రీలు చెప్పిన అనుభవాల నుంచి ఒక చక్రం బొమ్మ తయారుచేశారు. మధ్యలో అధికారం, అదుపు. ఆకుల మధ్య గదుల్లో బెదిరింపు, ఒంటరిని చేయడం, డబ్బు కట్టడి, పిల్లల్ని అడ్డుపెట్టుకోవడం. కొట్టడం చుట్టూ ఉండే పట్టాలాంటిది. వలస వచ్చిన స్త్రీల కోసం తరువాత అదే నమూనాలో వేరే చక్రం గీశారు. అందులో వీసా కాగితాలతో బెదిరించడానికి స్థానం ఇచ్చారు.

ఇక 911 సంగతి. ఫోన్ చేస్తే పోలీసులు వస్తారు, నిజమే. “తెలుగు” అని ఒక్క మాట చెబితే ఫోనులోనే దుబాసీని కలిపే ఏర్పాటు కూడా చాలాచోట్ల ఉంది. తరువాత ఏమవుతుంది? 1996లో అమెరికా తన వలస చట్టాన్ని మార్చి, గృహహింస నేరంలో శిక్ష పడిన విదేశీయుణ్ణి దేశం నుంచి పంపించవచ్చని రాసుకుంది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ భర్తను పంపిస్తే భార్య హోదా కూడా అతనితోపాటే పోతుంది. అంటే తనను కొట్టినవాడి మీద ఫిర్యాదు చేయడమంటే తన కాళ్ల కింద నేలను తానే తవ్వుకోవడం. ఇది తెలిసిన భర్త ధీమాగా ఉంటాడు. “చెయ్యి ఫోను, ఇద్దరం కలిసే పోదాం” అంటాడు. ఆవల ఇంటి దగ్గర కట్నం కోసం తెచ్చిన అప్పు తీరలేదు, చెల్లెలి పెళ్లి కాలేదు. అమ్మ ఫోనులో “సర్దుకుపో బిడ్డా” అంటుంది. ఇన్ని లెక్కలు వేసుకుని మౌనంగా ఉన్న మనిషిని అమాయకురాలు అనడం మన తెలివితక్కువతనం.

చట్టం మెల్లగా కదిలిన తీరు

చట్టమే భర్తకు ఆయుధం ఇచ్చిందన్న సంగతి అక్కడి ప్రభుత్వాలకు తెలియక కాదు. 1986లో దొంగ పెళ్లిళ్లను అరికట్టాలని అమెరికా ఒక చట్టం చేసింది. అమెరికా పౌరుణ్ణి పెళ్లాడి కొత్తగా వచ్చిన భార్యకు మొదటి రెండేళ్లు షరతులతో కూడిన నివాసమే ఇస్తారు. రెండేళ్లయ్యాక ఆ షరతు తొలగాలంటే భార్యాభర్తలిద్దరూ కలిసి సంతకం చేయాలి. ఆ సంతకం భర్త చేతిలో కొరడా అయింది. 1990లో, హింసకు గురైన భార్య ఒంటరిగా దరఖాస్తు చేయవచ్చని సవరించారు. 1994లో వచ్చిన స్త్రీలపై హింస నిరోధక చట్టం ఇంకో అడుగు వేసి, పౌరుల భార్యలు, గ్రీన్‌కార్డుదారుల భార్యలు భర్త ప్రమేయం లేకుండా తామే శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకునే వీలు కల్పించింది. భర్తకు ఆ సంగతి తెలియనివ్వరు కూడా.

గమనించారా, ఈ వరుసలో హెచ్-4 భార్య లేదు. మన తెలుగు అమ్మాయిల్లో ఎక్కువమంది ఉండేది అక్కడే. వాళ్లకు 2000లో యూ వీసా అనే దారి ఒకటి ఏర్పడింది. గృహహింస వంటి నేరానికి బలై, దర్యాప్తుకు సహకరించినట్లు పోలీసులు ధ్రువీకరిస్తే భర్త హోదాతో సంబంధం లేకుండా ఇచ్చే వీసా ఇది. కాకపోతే ఏడాదికి 10,000కు మించి ఇవ్వరు. ఎదురుచూసేవాళ్లు అంతకు ఎన్నోరెట్లు, కనుక ఏళ్లు పడుతుంది. ఆ తరువాత 2005 నాటి చట్టంలో, హింసకు గురైన హెచ్-4 భార్యలకు పని అనుమతి ఇవ్వాలని రాశారు. దానికి దరఖాస్తు ఫారం బయటికి వచ్చేసరికి 2017 అయింది! విడాకులైపోయి ఉంటే రెండేళ్లలోపే దరఖాస్తు చేసుకోవాలి. పైగా అది పని చేసుకోవడానికి అనుమతి మాత్రమే, దేశంలో ఉండే హక్కు కాదు.

ఇంగ్లండులో కథ ఇంకోలా నడిచింది. అక్కడ పంజాబీ, గుజరాతీ, బంగ్లా కోడళ్లు ఎక్కువ. పశ్చిమ లండన్‌లో 1979లో మొదలైన సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ అనే సంఘం ఈ పోరాటంలో ముందు నిలిచింది. ఏళ్లపాటు కొట్టిన భర్తకు 1989లో నిప్పంటించి యావజ్జీవ శిక్ష పడిన కిరణ్‌జీత్ అహ్లూవాలియా పక్షాన నిలబడి, 1992లో ఆమె విడుదలయ్యేదాకా పోరాడింది కూడా ఈ సంఘమే. (2006లో ఐశ్వర్యారాయ్ నటించిన ‘ప్రొవోక్డ్’ ఆమె కథే.) అదే సంఘం వీసా సంగతీ పట్టుకుంది. అప్పట్లో కోడలిగా వచ్చిన స్త్రీ ఏడాది తిరగకముందే భర్తను విడిస్తే దేశం విడవాల్సిందే. ఉద్యమం ఫలితంగా 1999లో హింసకు గురైనవారికి మినహాయింపు వచ్చింది, 2002లో అది నిబంధనల్లోకి ఎక్కింది. అయినా పేచీ మిగిలింది. ఆమెకు ప్రభుత్వ సాయం ఏదీ అందదని వీసా మీదే ఉంటుంది. సాయం అందని మనిషిని ఆశ్రయ గృహాలు చేర్చుకోలేకపోయేవి. హక్కు ఉంది, తలదాచుకునే చోటు లేదు. 2012 ఏప్రిల్‌లో గానీ, దరఖాస్తు పెట్టుకునే మూడు నెలలపాటు సాయం పొందే వీలు రాలేదు. అదే ఏడాది జులైలో మరో చేత్తో, ఎదురుచూపు కాలాన్ని రెండేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచారు.

వదిలేసి వెళ్లడం

కొట్టడం కన్నా సులువైన పద్ధతి ఇంకొకటుంది. “చెల్లెలి పెళ్లికి పోదాం” అని ఇండియాకు తీసుకొచ్చి, పాస్‌పోర్టు తీసుకుని భర్త ఒక్కడే తిరుగు విమానం ఎక్కడం.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే కావడంతో, మా వాడలో ఇంగ్లీషు కాగితం ఎవరికొచ్చినా నా దగ్గరికే తెస్తారు. బ్యాంకు నోటీసులు, ఆస్పత్రి రిపోర్టులు చదివిపెట్టడం నాకు అలవాటే. రెండేళ్ల కిందట ఒక తల్లి పెద్ద కవరు తెచ్చింది. అమెరికాలోని ఒక కౌంటీ కోర్టు నుంచి వచ్చిన సమన్లు అవి. ఆమె కూతురు మా హాస్టల్లోనే నాకు సీనియరు. పద్నాలుగు నెలలు అక్కడ కాపురం చేసి, పండక్కి వచ్చి, ఆగిపోయింది. సెలవు లేదని అల్లుడు ముందే వెళ్లాడు. ఈ నెల, వచ్చే నెల అంటున్నాడు. కవరులో ఉన్నది విడాకుల దావా. ముప్పై రోజుల్లో జవాబివ్వకపోతే ఆమె లేకుండానే తీర్పు ఇస్తామని ఉంది. “విడాకులంటే ఇద్దరూ కోర్టుకు పోవాలె కదా బిడ్డా? ఈమె ఇక్కడుంటే వాళ్లెట్ల ఇస్తరు?” అని ఆ తల్లి అడిగింది. అక్క గడప దగ్గర నిలబడి వింటోంది.

ఆ రాత్రి నుంచి చదవడం మొదలుపెట్టాను. ఆ చదువులో దొరికినవాటిలో మొదటిది ఒక తెలుగు కేసే. 1975లో తిరుపతిలో పెళ్లయిన జంట. భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో 90 రోజులు నివాసమున్నట్లు చూపి, పెళ్లి తిరిగి అతకలేనంతగా తెగిపోయిందన్న కారణంతో విడాకులు తెచ్చుకున్నాడు. 1981లో యాదగిరిగుట్టలో రెండో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ఊరుకోలేదు, ద్విభార్యత్వం కేసు పెట్టింది. చివరికి 1991 జులైలో సుప్రీంకోర్టు ఆ మిస్సోరి తీర్పు ఇక్కడ చెల్లదని చెప్పింది. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కారణం మీదే విడాకులు ఇవ్వాలి. భార్య తనంతట తాను ఆ కోర్టు ముందుకు వెళ్లి వాదించి ఉండాలి, లేదా ఒప్పుకుని ఉండాలి. ఈ తీర్పు నిలబడిన పునాది 1955 నాటి హిందూ వివాహ చట్టం. హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగనివ్వకపోవడంతో 1951లో మంత్రి పదవికి రాజీనామా చేసిన బాబాసాహెబ్ శ్రమ ఆ చట్టంలో ఉందని మన హాస్టల్ గోడల మీద ఉన్న ఫోటో చూసినప్పుడల్లా తలచుకోవాలి.

అయితే తీర్పు చేసేది సగం పనే. ఆ విడాకులు ఇక్కడ చెల్లవు, అక్కడ చెల్లుతాయి. ఒకే మనిషి అక్కడ పెళ్లికానివాడు, ఇక్కడ భర్త. అతను ఇక్కడికి వస్తేనే కదా కేసు! పిల్లలుంటే చిక్కు మరింత పెద్దది. భర్త అనుమతి లేకుండా బిడ్డను తీసుకుని తల్లి ఇండియాకు వస్తే, అమెరికాలో 1993 నుంచి అది నేరమయ్యే అవకాశం ఉంది. పిల్లల్ని దేశాలు దాటించడంపై 1980లో కుదిరిన హేగ్ ఒప్పందంలో మన దేశం చేరలేదు. అందువల్ల తల్లి ఇక్కడ ఒక కోర్టుకూ, తండ్రి అక్కడ ఒక కోర్టుకూ వెళ్లి, రెండు చోట్ల రెండు ఉత్తర్వులు తెచ్చుకున్న సందర్భాలున్నాయి.

రెండో కేసు ఇంకా దగ్గరిది. భర్తతో బోట్స్‌వానా వెళ్లిన ఒక అమ్మాయి అక్కడి నుంచే ఒంగోలు ఎస్పీకి ఈమెయిలులో ఫిర్యాదు పంపింది. కేసు నమోదైంది. భర్త సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2011 సెప్టెంబరులో కోర్టు చెప్పినదేమంటే, ఇక్కడ జరిగిన కట్నం నేరాలపై కేసు మామూలుగానే నడుస్తుంది. విదేశంలో జరిగినదానిపై కూడా కేసు పెట్టవచ్చు, దర్యాప్తు చేయవచ్చు. విచారణ మొదలుకావడానికి మాత్రం కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. ఒక్క ఈమెయిలుతో ఇంత జరిగింది.

సమన్లు వస్తే భయపడి చింపేయవద్దు, తెలియక సంతకం చేసి పంపవద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో స్త్రీలకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. మేం చేసిందీ అదే. అక్క కేసు నడుస్తూనే ఉంది. ఆమె ఇప్పుడు ఒక బడిలో లెక్కలు చెబుతోంది. 2005 గృహహింస చట్టం కింద ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోటే ఫిర్యాదు చేయవచ్చు. వేధింపుల కేసు (పాత 498ఎ, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షను) కూడా ఆమె ఆశ్రయం పొందిన ఊళ్లోనే పెట్టవచ్చని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుంచి ఎన్నారై సెల్ ఉంది. విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే అది అక్కడి రాయబార కార్యాలయానికి చేరుతుంది. ఇక్కడైతే 181కు ఫోన్ చేయవచ్చు. ఎన్నారై పెళ్లిళ్లను తప్పనిసరిగా నమోదు చేయాలని 2019 ఫిబ్రవరిలో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ సమగ్రమైన చట్టం కావాలని మళ్లీ సిఫారసు చేసింది.

అక్కడ ఉన్నవాళ్లకు మన దేశపు స్త్రీలు నడిపే సంఘాలే ముందు ఆసరా. న్యూజెర్సీలో 1985లో పెట్టిన మానవి ఇలాంటివాటిలో మొదటిది. న్యూయార్క్‌లో సఖి, కాలిఫోర్నియాలో మైత్రి, అట్లాంటాలో రక్ష, హ్యూస్టన్‌లో దయ ఆ తరువాత వచ్చాయి. వీళ్లు వీసా ఉందా అని అడగరు. అక్కడి సివిల్ కోర్టులో రక్షణ ఉత్తర్వు అడగడానికి కూడా వీసాతో పని లేదు. 1-800-799-7233 అనేది ఆ దేశమంతటా గృహహింస బాధితులకు పనిచేసే ఉచిత నంబరు. దాన్ని ఫోనులో వేరే పేరుతో రాసి పెట్టుకోవాలి.

పూర్వ విద్యార్థి అన్నలకు ఒక మాట. మన హాస్టల్లో అన్నం తిన్నవాడు కాబట్టి మంచివాడై ఉంటాడన్న హామీ ఏదీ లేదు. చిన్నప్పుడు తల్లి దెబ్బలు తింటుంటే చూసినవాళ్లం మనలో చాలామందిమి. మీ అపార్ట్‌మెంటులో, మీ వాట్సాప్ గ్రూపులో అలాంటి స్నేహితుడు ఉంటే, అతని భార్య పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందో ఒకసారి అడగండి.

పెళ్లి కుదిరిన చెల్లెళ్లు చేయాల్సింది కొంచెమే. పెళ్లిని రిజిస్టరు చేయించి సర్టిఫికెట్ అసలు ప్రతి ఒకటి పుట్టింట్లో ఉంచాలి. భర్త పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగం ఇచ్చిన కంపెనీ కాగితం, అక్కడి ఇంటి చిరునామా నకళ్లు తీసుకోవాలి. ఇవ్వడానికి మొహం చాటేసే పెళ్లికొడుకు గురించి అప్పుడే ఆలోచించవచ్చు. తన పాస్‌పోర్టు, వీసా, ఐ-94 స్కాన్ చేసి తనకు తప్ప ఎవరికీ పాస్‌వర్డు తెలియని ఈమెయిలులో పెట్టుకోవాలి. వెళ్లిన మొదటి ఏడాదిలోనే డ్రైవింగు నేర్చుకోవాలి. అమ్మకు స్పీకరు లేకుండా వారానికి ఒక్కసారైనా ఫోన్ చేయాలి. స్పీకరు ఆపనివ్వకపోతే వాడుకోవడానికి ఇంట్లోవాళ్లతో ఒక మాట ముందే అనుకుని ఉంచుకోవాలి. ‘నల్ల మేక ఈనిందా?’ అన్నా చాలు.